షంషాబాద్ నుంచి డాలస్‌కు ఎన్ని గంటలు?

హైదరాబాద్ శివారులోని షంషాబాద్ విమానాశ్రయానికీ, అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 14,420 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే దాదాపు 8,960. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 7,790. ఫోన్లో వెతికితే ఒకచోట ఒక అంకె, ఇంకోచోట ఇంకో అంకె కనిపించి కంగారు పెడుతుంది గానీ, చాలాసార్లు తేడా కొలమానంలోనే ఉంటుంది. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అంకె పక్కన ఏ కొలమానం రాసి ఉందో చూసుకుంటే సగం అయోమయం అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం సమయానిది. ఒకే రోజు, ఒకే ఊరికి వెళ్లే రెండు టికెట్లలో ఒకటి 22 గంటలంటుంది, ఇంకొకటి 31 గంటలంటుంది. తెల్లవారుజామున బయల్దేరిన విమానం అదే రోజు సాయంత్రానికి అమెరికా చేరుస్తుందని ఒక టికెట్ చెబుతుంది. అదే దారిలో తిరిగి రావడానికి మూడు తేదీలు పడుతుంది. ఇందులో ఏది నిజం? అన్నీ నిజమే. ఒక్కో అంకె ఒక్కో గడియారం ప్రకారం, ఒక్కో చోటి నుంచి లెక్కపెట్టింది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉంటున్న పిల్లల దగ్గరికి మొదటిసారి బయల్దేరే తల్లిదండ్రులకు ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ప్రయాణంలో బెంగ చాలావరకు తగ్గుతుంది. దీనికి కావలసినవి కూడికలు, తీసివేతలే.

దూరాన్ని ఎక్కడ చూడాలి?

గోడకు వేలాడే ప్రపంచ పటంలో అమెరికా ఎడమ చివర, భారతదేశం కుడి వైపు ఉంటాయి. దాన్ని చూసి పడమరగా గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా విమానం వెళ్తుందనిపిస్తుంది. ఆ గీత అబద్ధం. గుండ్రంగా ఉన్న భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు ఉత్తరాన ఉన్న ప్రాంతాలు సాగిపోతాయి కాబట్టి, అసలు దగ్గర దారి పటం మీద దూరంగా కనిపిస్తుంది.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకోవాలి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాలి. దారం దానంతటదే జారి పైకి పోతుంది. ఢిల్లీ దిశగా ఎక్కి, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉన్నాయి. రెండూ కలిపితే 175. అంటే ఒక ఊరు భూగోళానికి ఇటు, మరొకటి దాదాపు సరిగ్గా అటు. ఇలాంటప్పుడు తూర్పుకు వెళ్లినా పడమరకు వెళ్లినా చుట్టే, ఉత్తరానికి ఎక్కి దిగడమే దగ్గర. ఈ దారం పని పిల్లల చేత చేయిస్తే మరీ మంచిది. తాతయ్య, అమ్మమ్మ ఏ దేశాల మీదుగా వస్తున్నారో వాళ్లే చెబుతారు.

అయితే ఆ దారం వెంట నేరుగా వెళ్లే విమానం హైదరాబాద్ నుంచి డాలస్‌కు లేదు. విమానాలకు అంత శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా దూరాన్ని 18 గంటలు దాటి ఏకబిగిన ఎగిరే విమానం ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా విమానం నడిపినప్పుడు, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా దాన్ని తీసుకొచ్చారు. ఆ బృందంలోని పాపగారి తన్మయి తెలుగువారే. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైంది గానీ ఎక్కువ కాలం నిలవలేదు. ఇంత దూరం ఎగరడానికి మోయాల్సిన ఇంధనం బరువే ఎక్కువ, ఆ బరువును మోయడానికి మళ్లీ ఇంధనం ఖర్చవుతుంది. సిబ్బంది రెండు జట్లు కావాలి. సీట్లు ఏడాది పొడవునా నిండాలి. కాబట్టి ప్రస్తుతానికి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే.

ఎక్కడ దిగితే దగ్గర? లెక్కలు ఇలా ఉన్నాయి. దుబాయ్ మీదుగా వెళ్తే 2,550, ఆపైన 12,920, మొత్తం 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా సుమారు 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా 15,380 దగ్గరే. గల్ఫ్ మీదుగా వెళ్లడం చుట్టు తిరుగుడనీ, యూరప్ మీదుగా వెళ్లడం తిన్నని దారనీ చాలామంది అనుకుంటారు. తీరా చూస్తే ఈ నాలుగు దారుల మధ్య ఉన్న పెద్ద తేడా 270 కిలోమీటర్లు, అంటే గాల్లో ఇరవై నిమిషాలు. ఢిల్లీలో ఒకసారి, న్యూయార్క్‌లో ఇంకోసారి మారే దారి కిలోమీటర్లలో వీటన్నిటికంటే తక్కువ, సుమారు 15,260. గంటల్లో మాత్రం అదే ఎక్కువయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే రెండుసార్లు దిగాలి, రెండుసార్లు ఎదురు చూడాలి. అందుకే దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లను పక్కన పెట్టి, మొత్తం గంటలనూ మధ్యలో ఆగే సమయాన్నీ చూడాలి.

కిలోమీటర్లను గంటలుగా మార్చడం

పెద్ద విమానం పైకి చేరాక గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ టికెట్ మీద ఉండే సమయం గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడడం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోనే. అందుకని ఇంట్లో కూర్చుని వేసుకునే అంచనాకు ఒక తేలిక పద్ధతి ఉంది: దూరాన్ని 850తో భాగించి, అరగంట కలపాలి.

దుబాయ్–డాలస్ దూరం 12,920 కిలోమీటర్లు. 850తో భాగిస్తే 15.2 గంటలు. అరగంట కలిపితే 15 గంటల 40 నిమిషాల పైచిలుకు. అటు వెళ్లేటప్పుడు టికెట్ మీద ఉండేది సుమారు 16 గంటలు, ఇటు వచ్చేటప్పుడు 15 గంటల లోపు. అంచనా రెండింటి మధ్య పడింది.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? భూమి తిరుగుతోంది కాబట్టి అని చెప్పేవాళ్లు ఉన్నారు. అది సరి కాదు, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో, సుమారు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం వీస్తూ ఉంటుంది. చలికాలంలో ఒక్కోసారి దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు వచ్చే విమానాన్ని అది వెనక నుంచి నెడుతుంది. పడమరకు వెళ్లే విమానాలు వీలైనంతవరకు దాన్ని తప్పించుకుని పోతాయి. సీటు ముందున్న తెరమీద వేగం ఒకసారి 820, ఇంకోసారి 1,050 అని కనిపిస్తే భయపడాల్సింది ఏమీ లేదు. అది నేలతో పోల్చి చూపే వేగం, గాలి దిశను బట్టి మారుతుంది.

ఈ భాగహారం దగ్గరి ఊళ్లకు పనికిరాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ 260 కిలోమీటర్ల చిల్లర, లెక్క ప్రకారం యాభై నిమిషాలు కూడా పట్టకూడదు. టికెట్ మీద గంటో అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. పైకెక్కడం అయ్యేసరికే దిగడం మొదలవుతుంది కాబట్టి పూర్తి వేగం అందుకునే వీలే ఉండదు. దూరం రెండు వేల కిలోమీటర్లు దాటితేనే ఈ పద్ధతిని నమ్మాలి.

అంచనాను తలకిందులు చేసే సంగతి ఇంకొకటి ఉంది: ఆకాశంలో మూసేసిన దారులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని యూరప్, అమెరికా దేశాల విమాన సంస్థలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమాన సంస్థలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన గగనతలాన్ని మూసేస్తే దోహా మీదుగా వెళ్లాల్సినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. ఏడాది కిందట బంధువులు వెళ్లొచ్చినప్పటి సమయాలు ఈ ఏడాదికి పనికొస్తాయని అనుకోకూడదు. టికెట్ కొన్నరోజు ఒకసారి, బయల్దేరే ముందు వారంలో ఒకసారి, బయల్దేరే రోజు ఒకసారి విమాన సంస్థ యాప్‌లో సమయాలు సరిచూసుకోవాలి.

ఒకే గడియారం పద్ధతి

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే. బయల్దేరే సమయం హైదరాబాద్ గడియారం ప్రకారం, దిగే సమయం డాలస్ గడియారం ప్రకారం. ఈ రెండింటినీ నేరుగా తీసేస్తే తప్పు జవాబు వస్తుంది. పొరపాట్లన్నిటికీ మూలం ఇదే. పరిష్కారం చాలా తేలిక: మొత్తం ప్రయాణాన్ని భారత కాలమానంలోకి మార్చి ఒక కాగితం మీద రాసుకోవాలి.

గుంటూరు నుంచి ఫ్రిస్కోలోని కూతురి దగ్గరికి వెళ్తున్న దంపతులను ఊహించుకుంటే ఈ పద్ధతి అర్థమవుతుంది. టికెట్ మీద ఇలా ఉందనుకుందాం: జూన్ 15న హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4.20కి బయల్దేరి, దుబాయ్‌లో ఉదయం 6.30కి దిగడం. దుబాయ్‌లో 9.30కి బయల్దేరి, డాలస్‌లో అదే జూన్ 15 సాయంత్రం 4.30కి దిగడం.

1. ముందుగా ఊళ్ల మధ్య కాలం తేడా రాసుకోవాలి. దుబాయ్ భారత్ కంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక.

2. ప్రతి సమయానికీ ఆ తేడా కలిపి భారత కాలంలోకి మార్చాలి. దుబాయ్‌లో 6.30 అంటే ఇక్కడ ఉదయం 8.00. అక్కడ 9.30 అంటే ఇక్కడ 11.00. డాలస్‌లో సాయంత్రం 4.30 అంటే ఇక్కడ మర్నాడు, జూన్ 16 తెల్లవారుజామున 3.00.

3. ఇప్పుడు తీసివేత. 4.20 నుంచి 8.00 దాకా మొదటి విమానం, 3 గంటల 40 నిమిషాలు. 8.00 నుంచి 11.00 దాకా దుబాయ్‌లో 3 గంటల విరామం. 11.00 నుంచి మర్నాటి 3.00 దాకా రెండో విమానం, 16 గంటలు. మొత్తం 22 గంటల 40 నిమిషాలు.

4. సరిచూసుకోవడానికి అడ్డదారి: టికెట్ మీద కనిపించే తేడా 4.20 నుంచి సాయంత్రం 4.30 దాకా 12 గంటల 10 నిమిషాలు. దానికి పదిన్నర కలిపితే మళ్లీ 22 గంటల 40 నిమిషాలే. అమెరికా వెళ్లేటప్పుడు కలపాలి, తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. జవాబులు కలవకపోతే ఎక్కడో తేదీ తప్పింది.

తిరుగు ప్రయాణం ఆగస్టు 10 సాయంత్రం 6.00కి డాలస్‌లో మొదలవుతుందని, మర్నాడు సాయంత్రం 5.40కి దుబాయ్ చేరి, రాత్రి 9.50కి అక్కడ బయల్దేరి, ఆగస్టు 12 తెల్లవారుజామున 2.40కి హైదరాబాద్‌లో దిగుతుందని అనుకుందాం. చూడడానికి 32 గంటల 40 నిమిషాలు. పదిన్నర తీసేస్తే 22 గంటల 10 నిమిషాలు. దుబాయ్‌లో ఈసారి 4 గంటల 10 నిమిషాలు కూర్చోవాల్సి వచ్చినా మొత్తం మీద అరగంట తక్కువే పట్టింది. అటు 19 గంటల 40 నిమిషాలు విమానాల్లో గడిస్తే, ఇటు సరిగ్గా 18 గంటలు. ఆ గంటా నలభై నిమిషాలు ఎక్కువగా గాలి మిగిల్చినవే.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. టికెట్ మీద దిగే సమయం పక్కన కూడిక గుర్తుతో 1 అనో 2 అనో చిన్నగా ఉంటుంది. బయల్దేరిన తేదీ తరవాత ఒక రోజు, రెండు రోజులు అని దాని అర్థం. అది గమనించక ఆగస్టు 11న షంషాబాద్‌కు కారు పంపించుకున్నవాళ్లకు ఒక రోజు ముందే ఖాళీ కారు తిరిగి వస్తుంది.

అమెరికా గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చిలో రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరులో మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు. భారత్, దుబాయ్, దోహాలలో ఈ మార్పు లేదు. యూరప్‌లో ఉంది గానీ తేదీలు వేరు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. లండన్ మీదుగా మార్చి రెండో సగంలో వెళ్లేవాళ్లు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. మామూలుగా లండన్‌కూ డాలస్‌కూ ఆరు గంటల తేడా, ఆ కొద్ది రోజులూ అయిదే.

రాత్రి పన్నెండు దాటిన టికెట్

హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు బయల్దేరుతాయి. విమానం దాటిపోవడానికి దారి తీసే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. టికెట్ మీద జూన్ 15, 00.40 అని ఉంటే విమానం ఏ రాత్రి? పద్నాలుగో తేదీ రాత్రి భోజనం అయ్యాక వచ్చే అర్ధరాత్రి అది. మనవైపు మాటల్లో సూర్యోదయం అయ్యేదాకా పాత రోజే కాబట్టి, పెద్దవాళ్లు పదిహేనో తేదీ రాత్రి అనుకుని నింపాదిగా ఉండిపోతారు. పదిహేను సాయంత్రం సూట్‌కేసులు కారెక్కించేసరికి విమానం వెళ్లిపోయి పద్దెనిమిది గంటలై ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే. క్యాలెండర్‌లో విమానం బయల్దేరే తేదీని గుర్తు పెట్టకూడదు, ఇంట్లోంచి బయల్దేరే తేదీని పెట్టాలి. గుంటూరు దంపతుల 4.20 విమానం లాంటిదాని గురించి పిల్లలు ఫోన్లో చెప్పేటప్పుడు కూడా “నాన్నా, పదిహేనున ఫ్లైట్” అని ఊరుకోకుండా, “పద్నాలుగో తేదీ ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మీరు గుంటూరులో కారెక్కాలి” అని వారం పేరుతో సహా చెప్పాలి. తిథి, వర్జ్యం చూసుకునే ఇళ్లలోనూ చూడాల్సింది ఇల్లు దాటే సమయానికే కాబట్టి ఇందులో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మధ్యలో ఎంతసేపు ఆగాలి?

టికెట్ల జాబితాలో పైన కనిపించేవి చాలావరకు తక్కువ సమయం పట్టేవో, తక్కువ ధరవో. గంటా పదిహేను నిమిషాల విరామం ఉన్న టికెట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే? దిగిన గేటుకూ ఎక్కాల్సిన గేటుకూ మధ్య రైలో బస్సో ఎక్కాల్సి ఉంటే? మళ్లీ భద్రతా తనిఖీ వరుసలో నిలబడాలంటే? అరవై దాటినవాళ్లకు, మొదటిసారి వెళ్లేవాళ్లకు, చంటిపిల్లలతో ఉన్నవాళ్లకు రెండున్నర నుంచి నాలుగు గంటల విరామం సరైనది. అంతకు తక్కువైతే పరుగు, ఎనిమిది గంటలు దాటితే నడుం నొప్పి. వీల్‌చెయిర్ అడిగినవాళ్లకు రెండు గంటల లోపు విరామం అసలు వద్దు. సహాయకుడు వచ్చేదాకా విమానం దిగే చోటే వేచి ఉండాల్సి రావచ్చు.

విరామం కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉందా? ఒకే బుకింగ్ నంబరు ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తరవాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. సామాను కూడా నేరుగా చివరిదాకా వెళ్తుంది. హైదరాబాద్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–అమెరికా ఇంకో టికెట్ అని విడివిడిగా కొంటే నాలుగు వేలో అయిదు వేలో మిగలొచ్చు. ఢిల్లీలో పొగమంచు కమ్మిన జనవరి ఉదయాన మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు మొత్తం పోతాయి. తల్లిదండ్రుల ప్రయాణానికి విడి టికెట్లు కొనకపోవడమే మేలు.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారి డాలస్ వెళ్లేవాళ్లు ఒక మెట్టు అదనంగా లెక్కేసుకోవాలి. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. అక్కడే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. కాబట్టి అక్కడ మూడు గంటల కంటే తక్కువ విరామం పెట్టుకోకూడదు. యూరప్ మీదుగా వెళ్లేవాళ్లు ఆ దేశంలో విమానం మారడానికి వీసా కావాలో అక్కర్లేదో ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకూడదు.

గడప నుంచి గడప దాకా

ఇప్పుడు గుంటూరు దంపతుల దగ్గరికి మళ్లీ వస్తే, 22 గంటల 40 నిమిషాలు వాళ్ల ప్రయాణంలో ఒక భాగం మాత్రమే. విమానం 4.20కి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే 1.20కి షంషాబాద్‌లో ఉండాలి. విమానం బయల్దేరడానికి కనీసం గంట ముందే చెక్‌ఇన్ మూసేస్తారు కాబట్టి 3.20 తరవాత వచ్చినా రాకపోయినా ఒకటే. గుంటూరు నుంచి రోడ్డు మీద అయిదున్నర, ఆరు గంటలు. దారిలో భోజనానికి అరగంట, టైరు పంక్చరైనా ట్రాఫిక్ ఆగినా ఇంకో అరగంట. సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే కంగారు ఉండదు.

అటువైపు డాలస్‌లో 4.30కి విమానం ఆగుతుంది. దిగడం, ఇమిగ్రేషన్ వరుస, వేలిముద్రలు, సామాను బెల్టు దగ్గర ఎదురుచూపు, కస్టమ్స్ అయ్యేసరికి గంటన్నర పట్టొచ్చు. బయటికొచ్చేసరికి ఆరు. ఫ్రిస్కో ఇల్లు చేరేసరికి ఏడు. భారత కాలంలో అది జూన్ 16 ఉదయం 5.30. గుంటూరులో జూన్ 14 సాయంత్రం 6.30 నుంచి లెక్కేస్తే మొత్తం 35 గంటలు. అందులో విమానంలో కూర్చున్నది 19 గంటల 40 నిమిషాలు. మిగతా 15 గంటల 20 నిమిషాలు రోడ్డు మీద, వరుసల్లో, కుర్చీల్లో గడిచాయి.

ఈ లెక్క ఎందుకు వేసుకోవాలి? దీన్ని బట్టే మందులు, తిండి, నిద్ర నిర్ణయమవుతాయి. చేతిసంచిలో మాత్రలు 23 గంటలకు కాదు, కనీసం రెండు రోజులకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు భారత కాలంలో రాసుకున్న ఆ కాగితాన్నే డాక్టరుకు చూపించి, ఏ మోతాదు ఎప్పుడు వేసుకోవాలో దాని మీదే రాయించుకోవాలి. “అక్కడ పొద్దున అంటే ఇక్కడ రాత్రి” అన్న చిక్కు అప్పుడు ఉండదు. శాకాహారులు భోజనం సంగతి టికెట్ కొన్నప్పుడే చెప్పాలి, ఆఖరి రోజు దాకా ఆగితే దొరక్కపోవచ్చు. పదహారు గంటల విమానంలో రెండు గంటలకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. నడవ పక్క సీటు ముందే ఎంచుకుంటే పక్కవాళ్లను లేపాల్సిన మొహమాటం ఉండదు.

తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల లెక్క వేరు. 4.30 దిగే సమయమని అల్లుడు నాలుగింటికే వచ్చి పార్కింగ్‌లో నిలబడనక్కర్లేదు. విమానం నేల తాకినట్టు యాప్‌లో కనిపించాక ఇంట్లో బయల్దేరినా సరిపోతుంది. అలాగని విమానం గంట ముందే చేరే రోజులూ ఉంటాయి కాబట్టి, మూడున్నర నుంచే యాప్ చూస్తుండాలి. పెద్దవాళ్ల ఫోన్ అమెరికాలో పనిచేయకపోవచ్చు. విమానాశ్రయంలో వైఫై కలుపుకోవడం ముందే ఇంట్లో ఒకటి రెండుసార్లు అభ్యాసం చేయించాలి. పిల్లల ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టాలి. ఇమిగ్రేషన్ అధికారి ఎక్కడ ఉంటారని అడిగినప్పుడు కూడా అదే కాగితం పనికొస్తుంది.

చేరిన రోజు సాయంత్రం ఏడింటికి శరీరం తెల్లవారుజామున అయిదున్నరలో ఉంటుంది. నిద్ర ముంచుకొస్తుంది. అక్కడి తొమ్మిదింటిదాకా ఎలాగోలా మేలుకుని, తేలికగా పెరుగన్నం తిని పడుకుంటే మర్నాటికి కాస్త దారిలో పడతారు. అర్ధరాత్రి రెండింటికి మెలకువ రావడం మొదటి వారమంతా మామూలే. పూర్తిగా సర్దుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి చేరిన మర్నాడే గుడి, మూడో రోజే దూరప్రయాణం అని పిల్లలు కార్యక్రమాలు పెట్టుకోకూడదు. పగటిపూట ఎండలో అరగంట నడిపిస్తే మాత్రం తొందరగా సర్దుకుంటారు.

తిరుగు ప్రయాణంలో 2.40కి షంషాబాద్‌లో దిగినవాళ్లు ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి నాలుగవుతుంది. అప్పటికి డాలస్‌లో ఇల్లు వదిలి దాదాపు 27 గంటలు. ఆ నిద్రమత్తులో వెంటనే గుంటూరుకు ఆరు గంటల రోడ్డు పట్టుకోవడం మంచిది కాదు. రాత్రంతా మేలుకుని వచ్చిన డ్రైవరు విషయంలో అది మరీ ప్రమాదం. హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లోనో హోటల్‌లోనో మధ్యాహ్నం దాకా పడుకుని, భోజనం చేసి బయల్దేరితే చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. టికెట్ కొనేటప్పుడే ఈ ఆరేడు గంటలను కూడా కాగితం మీద చివరి వరుసలో రాసుకోవాలి.